కచ్చా కుట్టు

పొద్దున్నే షాపు తలుపు తీశాక దర్జీ చేసే మొదటి పని మిషన్‌కి నూనె వెయ్యడం. రెండో పని భార్యతో గొడవ పడటం. ఈ రెండూ జరిగితేగానీ ఆ ఇంట్లో రోజు కదలదు. గొడవకి పెద్ద కారణం కూడా అక్కర్లేదు, కత్తెర కనబడకపోతే చాలు. "ఎక్కడ పెట్టావే?" అని ఆయన ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. "మీ చేతిలోనే ఉంది" అంటుంది ఆవిడ తల ఎత్తకుండా. చూసుకుంటే ఉంటుంది.

ముందు గది షాపు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక తెర. కొలతలు తీసేది, కత్తిరించేది, మిషన్ తొక్కేది ఆయన. చేతి కుట్టంతా ఆవిడది. ఖాజాలు, అంచులు, గుండీలు, పొట్ట పెరిగినవాళ్ళ చొక్కాలు విప్పి వదులు చెయ్యడం, అన్నీ. వాళ్ళకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని గుండీ అన్నారు. ఆరేళ్ళు వచ్చి ఆ గుండ్రమంతా కరిగిపోయినా పేరు మాత్రం మిగిలింది.

అందరికీ ఉన్నట్టే ఆ ముగ్గురికీ ఎడమ చంక కింద నుంచి నడుము దాకా కుట్టు ఉంది. చేపకి పక్కన, పిల్లికి పొట్ట కింద, ఆకుకి వెనక ఈనె పొడుగునా ఉన్నట్టే. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు అంచు దారం పట్టి సర్రున లాగి పారేస్తాం కదా, అదీ అంతే. మనుషుల కుట్టు ఒంటి రంగు దారంతో, చీమలు బారు కట్టినంత దగ్గరదగ్గరగా ఉంటుంది. వయసు మీద పడితే వదులవుతుంది. ఎవరైనా పోతే "పాపం, కుట్టు వీడింది" అంటారు. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. ఆ కుట్టు వేసిందెవరన్నదే ఎప్పటికీ తెగని పేచీ.

దర్జీకి ఆ విషయంలో అనుమానం లేదు. "దారం ఉందంటే సూది ఉంది. సూది ఉందంటే చెయ్యి ఉంది. ఇందులో తెలుసుకోడానికేముంది?" అనేవాడు.

"చెయ్యి ఉంటే మరి కస్టమర్ ఎవరండీ?" అనేది ఆవిడ. "ఎవరి కొలతలకి కుట్టాడు? ఎవరు వేసుకోడానికి? అడగనివాళ్ళకి బట్టలు కుట్టిపెట్టే దర్జీని నేనెక్కడా చూడలేదు. మీరైతే అడిగినవాళ్ళకే సమయానికి ఇవ్వరు."

ఈ పేచీలో ఆవిడ పక్షాన ఒక మనిషి ఉండేవాడు. ఉద్యోగం విరమించిన సైన్సు మాస్టారు. మనిషి ఏటికేడాది సన్నబడుతూ ఉండటం వల్ల ఆయన ప్యాంట్ల నడుములు ఎప్పుడూ బిగించాల్సే వచ్చేది. అయినా ఆయన వచ్చేది ప్యాంటు కోసం కాదని, ఫ్యాను కింద స్టూలు కోసమని, వాదన కోసమని అందరికీ తెలుసు.

"చూడు దర్జీ," అనేవాడు ఆయన కాలు మీద కాలు వేసుకుని, "అంచులు వాటంతటవే కలుస్తాయి. సరిగ్గా కలవనివి వీడిపోయి మట్టిలో కలిశాయి. కలిసినవి నిలబడ్డాయి. మనకి నిలబడ్డవే కనబడతాయి కాబట్టి ఎవరో కూర్చుని అన్నీ చక్కగా కుట్టారని భ్రమ పడతాం."

"అయితే మీ ప్యాంటు కూడా దానంతటదే బిగుస్తుంది, ఇంటికి తీసుకెళ్ళండి" అనేవాడు దర్జీ.

ఇలా నవ్వుకుంటూ గడిచిపోవాల్సిన మాటలే ఇవి. కానీ గుండీకి మూడో ఏడు వచ్చాక ఆ ఇంట్లో ఇవి నవ్వే మాటలు కాకుండా పోయాయి.

స్నానం చేయిస్తుంటే తల్లి చూసింది. పిల్ల ఎడమ పక్క కుట్టు దూరదూరంగా, వదులుగా, తెల్లగా ఉంది. పసిపిల్లలకి తెల్లదారమే ఉంటుంది, పెరిగేకొద్దీ రంగు పట్టి బిగుసుకుంటుంది. గుండీకి బిగుసుకోలేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ చంక కింద లైటు వేసి చూసి, కళ్ళజోడు తీసేసింది.

"దీనికి పక్కా కుట్టు పడలేదండీ. కచ్చా కుట్టు మీదే నిలబడి ఉంది."

దర్జీ మొగుడూపెళ్ళాలకి ఆ మాట ఇంకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు. కత్తిరించిన ముక్కలు జారిపోకుండా తెల్లదారంతో దూరదూరంగా వేసేది కచ్చా కుట్టు. దాంతోనే కస్టమర్‌కి ఒకసారి తొడిగి చూస్తారు. సరిపోయిందనుకుంటే పక్కా కుట్టు వేసి, ఆ తెల్లదారం లాగేస్తారు. కచ్చా కుట్టు మీద బట్ట ఎవరూ కట్టుకు తిరగరు.

"ఏం చెయ్యాలమ్మా?" అని అడిగింది తల్లి.

"మా దగ్గర దీనికి దారం లేదు. కొందరు తల్లులు ఇంట్లోనే కుట్టుకుంటారు. అంచు గట్టిగా ఉంటే ఒక్కోసారి నిలుస్తుంది. లేదంటే కదలనివ్వకుండా జాగ్రత్తగా చూసుకోండి, ఏళ్ళ తరబడి ఉంటుంది. పరిగెత్తడం, ఎగరడం వద్దు. ఎడమ చెయ్యి పైకెత్తనివ్వకండి. గట్టిగా నవ్వనివ్వకండి."

దారి పొడుగునా తల్లి ఏడుస్తూ వచ్చింది. దర్జీ మాత్రం ఇంటికి చేరేసరికి తేరుకున్నాడు, అంతేకాదు, ఆయన మొహంలో ఏదో వెలుగు కూడా వచ్చింది.

"ఏడుస్తావెందుకే పిచ్చిదానా? కచ్చా వేశాడంటే ఏమిటర్థం? మళ్ళీ వస్తాడనేగా. రాదలుచుకోనివాడు కచ్చా ఎందుకు వేస్తాడు? పని ఎక్కువై ఆగి ఉంటాడు. నారు పోసినవాడు నీరు పొయ్యడా?"

"నారు పోసి ఊరొదిలి పోయినవాళ్ళు లేరా?" అంది ఆవిడ. "నేను కుడతాను. నా చేతి కుట్టు మీద మీకు నమ్మకం లేదా?"

"ఉంది. కానీ ముట్టుకోవద్దు."

ఇక్కడ దర్జీ గురించి ఒక సంగతి చెప్పాలి. ఇంకో దర్జీ కచ్చా వేసి పెట్టిన బట్ట మీద ఆయన సూది పెట్టడు. అది ఆయన గురువు నేర్పిన నియమం. ఒకసారి ఎవరో పెద్దమనిషి సగం కుట్టిన కోటు పట్టుకొచ్చాడు. కుడుతున్న దర్జీకి జబ్బు చేసి మంచాన పడ్డాడట, ఎల్లుండే కోటు కావాలట, కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఈయన ముట్టుకోలేదు. "ఎక్కడ వదిలాడో, ఎక్కడ లాగుదామనుకున్నాడో ఆ లెక్క ఆయన చేతిలో ఉంటుంది. మధ్యలో మనం చెయ్యి పెడితే ఇద్దరి పనీ చెడుతుంది. రేపు ఆయన లేచి వస్తే ఏ మొహం పెట్టుకుని చూస్తాను?" అన్నాడు. ఆ నియమం వల్లే ఆయనకి దర్జీల్లో మంచి పేరు. మంచి నియమమే, కాదనను. కొంపలు ముంచేవన్నీ చెడ్డ నియమాలే అయితే జాగ్రత్తపడటం తేలికయ్యేది.

ఆవిడ దెబ్బలాడింది. రోజూ దెబ్బలాడింది. కానీ ఆయన లేనప్పుడు సూది తియ్యడానికి ఆవిడకి ఎవరు అడ్డం? నిజం చెప్పాలంటే ఆవిడకీ భయమే. ఎంత చేయి తిరిగినదైనా కూతురి ఒంటి మీద సూది గుచ్చడం ఎలా సాధ్యం? మొగుడు వద్దన్నాడని మొగుణ్ణి తిట్టుకుంటూ ఆ భయాన్ని ఆయన వెనక దాచుకుంది.

అలా గుండీ షాపులో గుమ్మం పక్క బల్ల మీద కూర్చోవడం మొదలైంది. ఎదురుగా వీధిలో పిల్లలు పట్టుకునే ఆట ఆడుతుంటే, దొరికిపోయేవాళ్ళ పేరు ముందే చెప్పేది. కూర్చుని చూసే వాళ్ళకి ఆట బాగా తెలుస్తుంది. తండ్రి పిల్లకి అంతా చెప్పాడు, నిన్ను కుట్టినాయన ఇంకా పని పూర్తి చెయ్యలేదు, వచ్చి పూర్తి చేస్తాడు, అప్పటిదాకా నలగకుండా ఉండాలి అని. అందుకని గుమ్మంలోకి కొత్తమనిషి ఎవరొచ్చినా గుండీ తండ్రి చొక్కా పట్టుకు లాగి, రహస్యంగా అడిగేది.

"ఈయనేనా?"

"కాదమ్మా. ఈయన గ్యాసు బండాయన."

"మరి ఆయన?"

"ఆయన మన ఇంటి ఓనరు. కుట్టే రకం కాదు, కోసే రకం."

నవ్వు వస్తే గుండీ కుడిచేత్తో ఎడమ పక్క నొక్కిపట్టుకుని, పెదాలు బిగించి నవ్వేది. ఆ నవ్వు చూస్తే తల్లి తెర వెనక్కి వెళ్ళిపోయేది.

దర్జీ మాత్రం నిజంగానే ఎదురుచూశాడు. మంచి కత్తెర సాన పట్టించి విడిగా పెట్టాడు. ఆయన వస్తే కూర్చోడానికని ఫ్యాను కింద స్టూలు రోజూ తుడిచేవాడు. రోజూ దాని మీద సైన్సు మాస్టారు వచ్చి కూర్చునేవాడు. అలా మూడేళ్ళు గడిచాయి.

ఒక మధ్యాహ్నం వీధిలో ఆటలో ఉన్న లావుపాటి కుర్రాడొకడు దొరక్కుండా ఉండాలని మురిక్కాలవ దూకబోయి, సరిగ్గా మధ్యలో దిగాడు. నడుము దాకా బురద. పైగా లేచి, "నేను దొరకలేదు, దొరకలేదు" అని రెండు చేతులూ ఎత్తాడు. గుండీ మరిచిపోయింది. పక్క నొక్కుకోవడం మరిచిపోయి, నోరారా, ఒళ్ళు కదిలేలా నవ్వింది. తెగిన దారం చప్పుడు మిషన్ చప్పుడులోంచి కూడా దర్జీకి వినబడింది.

పిల్లని ఎత్తుకుని తల్లి తెర వెనక మంచం మీద పడుకోబెట్టింది. చంక కింద కొన్ని టాకాలు తెగిపోయి అంచు విడింది. రక్తం లేదు, నొప్పీ లేదు. గుండీ ఇంకా ఆ కుర్రాడి సంగతి చెబుతూనే ఉంది. దర్జీ తెర ఇవతల నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో, చివరికి అన్నాడు.

"కుట్టు."

"ఆయన వస్తేనో?"

"వస్తే నేను చెప్పుకుంటాను. కుట్టవే."

ఆవిడ ఈసారి భయపడలేదు. అన్నిటికన్నా సన్నసూది తీసింది. పట్టుదారానికి మైనం పట్టించింది. కళ్ళజోడు పెట్టుకుని, విడిన చోట లోపలికి మడిచి ఉన్న అంచు వేలితో మెల్లిగా తిప్పి చూసింది. అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"ఇలా రండి."

ఇన్నాళ్ళూ మడత లోపల ఉండటం వల్ల ఎవరికీ కనబడనిది ఇప్పుడు కనబడుతోంది. అంచు పొడుగునా సన్నటి చిల్లులు. ఒక్కటి కూడా వరస తప్పలేదు. విప్పే పని ఆవిడ ఎన్నేళ్ళుగానో చేస్తోంది. ఇది ఏమిటో ఆవిడకి చెప్పక్కర్లేదు. అక్కడ ఒకప్పుడు పక్కా కుట్టు పడింది. పడ్డాక దాన్ని విప్పారు.

దర్జీ వంగి చూశాడు. లైటు దగ్గరికి లాగి మళ్ళీ చూశాడు. చేతకానివాడు విప్పితే బట్ట చిరుగుతుంది, దారప్పోగులు మిగులుతాయి, తొందర తెలుస్తుంది. ఇక్కడ ఒక్క పోగు లేదు, ఒక్క చోట లాగిన గుర్తు లేదు. ఒక టాకా విడిచి ఒక టాకా సూదిమొనతో తెంపి, దారాన్ని ఓపికగా బయటికి తీశాడు విప్పినవాడు.

"మంచి పనివాడు" అన్నాడు దర్జీ. ఆ మాట అని అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

దర్జీలు విప్పేది ఎందుకో ఆయనకి తెలుసు. కొలత తప్పితే విప్పుతారు. వద్దనుకుంటే విప్పుతారు. విప్పిన ముక్కలు చెల్లాచెదురు కాకుండా తెల్లదారంతో నాలుగు టాకాలు వేసి మూలన పడేస్తారు. ఆయన షాపులోనే బల్ల కింద అలాంటివి ఒక మూట ఉంది. గుండీకి వేసింది తొడిగి చూడటానికి వేసిన కచ్చా కాదు.

"కుట్టి చూడనా?" అంది ఆవిడ.

"ఆ చిల్లుల పక్కన మళ్ళీ సూది దిగితే అంచు కాగితంలా చిరుగుతుంది. నీకు తెలీదూ?"

ఆవిడకి తెలుసు. అయినా అడిగింది. సూదిలోంచి దారం తీసి, ఉండకి చుట్టింది. ఎప్పుడూ చుట్టినంత శ్రద్ధగా చుట్టి, అప్పుడు ఏడ్చింది.

"నా కడుపులో ఉన్నప్పుడే కదండీ ఇదంతా. నా కడుపులోకి వచ్చి, కుట్టి, విప్పి వెళ్ళాడు. నేను తిని పడుకుని ఉంటాను. నాకు తెలియను కూడా తెలియలేదు." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది. "ఇన్నాళ్ళూ ఎవరూ లేరనే అనుకున్నాను. లేనివాడి మీద కోపం ఉండదు కదా. ఉన్నాడండీ. మీరన్నదే నిజం."

పెళ్ళయిన దగ్గర్నుంచి మీరన్నదే నిజం అని ఆవిడ ఏ విషయంలోనూ అనలేదు. ఆ మాట వినకుండానే చచ్చిపోయినా బాగుండేదనిపించింది దర్జీకి.

విడిన చోట మెత్తని గుడ్డ అడ్డంపెట్టి పక్కకి కట్టు కట్టారు. ఇక చేయగలిగింది అంతే.

మర్నాడు సైన్సు మాస్టారు మామూలుగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మిషన్ తిరగడం లేదు. ఎవరూ ఆయనతో పేచీ పెట్టుకోలేదు. చివరికి ఆవిడే ఆయన్ని లోపలికి పిలిచి, నిద్రపోతున్న పిల్ల ఎడమ పక్క గుడ్డ తొలగించి చూపించింది.

"మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. ఇవి వాటంతటవే పడతాయా?"

ఆయన చాలాసేపు చూశాడు. జీవితమంతా పిల్లలకి ఆకుల కుట్లూ కప్పల కుట్లూ చూపించి పాఠం చెప్పిన మనిషి. చేత్తో విప్పిన కుట్టు ఎలా ఉంటుందో తన ప్యాంట్ల మీదే ఏటికేడాది చూస్తున్న మనిషి.

"పడతాయమ్మా. ఒళ్ళు సాగేటప్పుడు ఇలా పడుతూ ఉంటాయి. ఎవరి పనీ కాదు ఇది."

ఆవిడ ఆయన వంక చూసింది. ఎప్పుడూ ఆయన మాటే సరైనదని మొగుడితో దెబ్బలాడిన మనిషి ఆవిడ.

"మీరు మంచివాళ్ళు మాస్టారూ" అంది.

ఆయన ఆ రోజు వాదించకుండానే వెళ్ళిపోయాడు. దర్జీ స్టూలు తుడవలేదు.

కట్టు కట్టాక గుండీని షాపులో కూర్చోనివ్వలేదు. వెనక గదిలో మంచం మీదే అన్నీ. వీధిలో పిల్లల అరుపులు తెర మీదుగా వచ్చేవి. గుండీ పడుకుని, ఎవరి అడుగులు ఎవరివో చెప్పేది. అలా కొన్ని రోజులు గడిచాక ఒక సాయంత్రం అడిగింది.

"నాన్నా, ఆయన ఎప్పుడొస్తాడు?"

దర్జీ మంచం పట్టెమీద కూర్చుని ఉన్నాడు. ఇంతకుముందైతే వస్తాడమ్మా అనేవాడు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేదో.

"వచ్చి వెళ్ళాడమ్మా" అన్నాడు.

"నేను నిద్రపోతున్నప్పుడా?"

"ఆఁ. నువ్వు మరీ చిన్నగా ఉన్నప్పుడు."

"మరి కుట్టలేదేం?"

భార్య వంక చూశాడు. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూస్తోంది.

"మళ్ళీ రాడా?"

"రాడమ్మా."

గుండీ కాస్త ఆలోచించింది. పిల్లకి ఏడుపు రాలేదు. లెక్క తప్పు దొరికినట్టు నుదురు ముడిపడింది.

"మరైతే నేను ఎవరి కోసం పడుకున్నాను?"

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. దింపాలని ఎవరికీ తోచలేదు. కదలకుండా ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుందని డాక్టరమ్మ చెప్పిన మాట ఇద్దరికీ గుర్తొచ్చింది. ఏళ్ళు అంటే ఎలాంటి ఏళ్ళో కూడా ఇద్దరికీ కనబడింది. ఈ మంచం, ఈ తెర, తెర అవతల అడుగులు.

ఆవిడ పొయ్యి ఆర్పి వచ్చింది. కూతురి పక్కన కూర్చుని, కట్టు మీద ముడి వదులు చేసింది. ఊపిరాడేంత వదులు.

"చెప్పులేసుకో" అంది.

"ఏం చేస్తున్నావే?" దర్జీ లేచి నిలబడ్డాడు. "పిల్ల తిన్నగా ఉండదు, పరిగెడుతుంది."

"పరిగెత్తనివ్వండి."

"తెగిపోతుందే."

"తెగుతుంది. ఇంక ఎవరికోసం దాస్తామండీ?"

గుండీ అప్పటికే తెర దాటింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని చూసింది. అలవాటు. ఎవరూ పిలవలేదు. మెట్టు దిగి వీధిలోకి వెళ్ళింది.

దర్జీ మిషన్ ముందు కూర్చున్నాడు. చక్రం మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేదు, చప్పుడైతే పిల్ల గొంతు వినబడదని. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

ఆ దారం వానలు మొదలయ్యేదాకా కూడా ఆగలేదు. ఆ సంగతి ముందే తెలిసినట్టు ఆవిడ ఆ సాయంత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. గుండీకి పరిగెత్తడం రాదు. మోచేతులు బయటికి పెట్టి, మడమలు నేలకి కొడుతూ, పడబోయి నిలదొక్కుకుంటూ పరిగెత్తింది. లావు కుర్రాడు ఆగి, తనని పట్టుకునే అవకాశం గుండీకి ఇచ్చాడు. గుండీ వాణ్ణి దాటుకుని వెళ్ళిపోయింది. గౌను కింద తెల్లదారం కొస ఒకటి బయటికి వచ్చి వేలాడుతోంది. పిల్లలు దారి ఇచ్చారు, మళ్ళీ మూగారు, అందరూ ఒకేసారి అరిచారు.

వీధి చివరికి చేరాక గుండీ వెనక్కి తిరిగింది. పగలబడి నవ్వుతూ, ఎడమ చెయ్యి ఎంత ఎత్తగలదో అంత ఎత్తి ఊపింది.

"అమ్మా, చూడు" అని అరిచింది.

ఆవిడ చూసింది.